రెండో పాస్‌వర్డ్

వైఫై పాస్‌వర్డ్ ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ వైఫైని పంచే పెట్టెకు ఇంకో పాస్‌వర్డ్ ఉంది. అది ఎవరి దగ్గరుంది?

2008 జులై 26, శనివారం సాయంత్రం. అహ్మదాబాద్‌లో గంటకు కాస్త పైగా వరసగా 21 బాంబులు పేలాయి. 56 మంది చనిపోయారు. మొదటి పేలుడుకు కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానళ్లకు ఒక ఈమెయిల్ అందింది. మరి కాసేపట్లో దాడులు మొదలవుతాయన్నది దాని సారాంశం. అది ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చిందో పోలీసులు తీగ లాగితే, నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాట్ దగ్గర తేలింది. అందులో అద్దెకుంటున్నది ఓ అమెరికన్.

ఆయనకు ఆ మెయిల్‌తో సంబంధం లేదని తర్వాత తేలింది. ఇంట్లో వైఫైకి సరైన రక్షణ లేదు, అంతే. సిగ్నల్ అందేంత దూరంలో ఎవరో నిలబడి పని కానిచ్చుకుని వెళ్లిపోయారు. ఈయన మాత్రం విచారణలు ఎదుర్కొన్నారు, ఇంట్లో కంప్యూటర్లు పోలీసులు పట్టుకెళ్లారు, పేరు పత్రికలకెక్కింది. దాడులు చేసిన ముఠా ఆగస్టులో పంపిన మరో మెయిల్ ముంబై మాటుంగాలోని ఖాల్సా కాలేజీ నెట్‌వర్క్ నుంచి వెళ్లింది. సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ల నాటి మెయిల్ చెంబూరులో ఒక కంపెనీ వైఫై నుంచి వెళ్లింది. పంపినవాళ్లకు కావలసిందల్లా జాగ్రత్త లేని ఒక రౌటర్. అది మూడు చోట్లా సులువుగానే దొరికింది. వైఫైని రక్షణ లేకుండా వదిలేయొద్దని 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

ఇప్పుడు కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు వైఫైకి పాస్‌వర్డ్ పెట్టకుండా గడప దాటడు. “ఏం పెట్టమంటారు సార్?” అని అడుగుతాడు. “మా ఫోన్ నంబరే పెట్టెయ్ తమ్ముడూ, అందరికీ గుర్తుంటుంది” అంటాం. ఆదిలాబాద్‌లో అయినా, శ్రీకాకుళంలో అయినా ఈ సంభాషణ ఇంచుమించు ఇదే. ఇంట్లో అందరి ఫోన్లూ కలుస్తాయి, టీవీ కలుస్తుంది, పని అయిపోయిందనుకుంటాం.

సగమే అయింది. వైఫై పాస్‌వర్డ్ నెట్ వాడుకోవడానికి. రౌటర్‌ను నడిపించడానికి వేరే యూజర్‌నేమ్, వేరే పాస్‌వర్డ్ ఉంటాయి. అవి చేతిలో ఉన్నవాళ్లు మొదటి పాస్‌వర్డ్‌ను చూడగలరు, మార్చగలరు. ఇంట్లో ఎన్ని పరికరాలు కలిసి ఉన్నాయో చూడగలరు. మీరు బ్యాంకు పేరు టైప్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించగలరు. అంత అధికారమున్న పేజీని చాలా ఇళ్లలో ఒక్కసారి కూడా తెరిచి ఉండరు. దాన్ని తెరవడం ఇంటివాళ్ల పని. కంపెనీకో, లైన్‌మ్యాన్‌కో వదిలేసే పని కాదు. నెట్ బిల్లు ఎవరి పేరున వస్తుందో, సాన్‌పాడాలో లాంటిది జరిగితే పోలీసులు ముందుగా వచ్చేది వాళ్ల ఇంటికే.

ఒకే నంబరు, కోట్ల ఇళ్లు

ఈ పెట్టె ఇప్పుడు పట్నాల సొత్తు కాదు. 2017 డిసెంబరు 27న అమరావతిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. భూమిలో కాలువలు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయల నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్, బెంగళూరు కంపెనీల ఉద్యోగులు సొంతూళ్లకు చేరి వరండాల్లో ల్యాప్‌టాప్‌లు తెరిచారు. ఆ ఏడాది పల్లెల్లో పెట్టిన రౌటర్లు చాలావరకు ఇప్పటికీ అవే గోడల మీద, అవే సెట్టింగులతో ఉండి ఉంటాయి.

వెంట్రుకంత సన్నటి గాజు పోగులోంచి వచ్చే కాంతిని ఈ పెట్టె డేటాగా మారుస్తుంది. 1490 నానోమీటర్ల కాంతి మీద డేటా ఇంటికి వస్తుంది, 1310 నానోమీటర్ల కాంతి మీద ఇంటి నుంచి వెళ్తుంది. రంగులు వేరు కాబట్టి ఒకే పోగులో రెండూ ఢీకొనకుండా ప్రయాణిస్తాయి. పెట్టె మీద ‘లాస్’ అన్న దగ్గర ఎర్ర లైటు వెలిగిందంటే ఆ కాంతి అందడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా ప్రయోజనం లేదు. వీధిలో తీగ తెగి ఉంటుంది, లేదా ఇంట్లోనే మేకుకు గట్టిగా చుట్టిన చోట పోగు వంగి కాంతి బయటకు జారిపోతూ ఉంటుంది. ముందు ఆ చుట్ట వదులు చేసి చూడండి.

పెట్టెకు ఇంకో పెద్ద పని ఉంది. ఇంటర్నెట్ మొదట వాడిన చిరునామా పద్ధతిలో మొత్తం 429 కోట్ల చిరునామాలే ఉన్నాయి. భూమ్మీద మనుషులకే చాలవు, ఇక మనిషికి మూడు పరికరాలంటే అసలే చాలవు. ఈ కరువు వస్తుందని ఇంజినీర్లకు ముందే తెలుసు. ఒక ఇంటికి బయట ఒకే చిరునామా ఉండి, లోపల ఎన్ని పరికరాలైనా దాన్ని పంచుకునే పద్ధతిని 1994లో ప్రతిపాదించారు. లోపల వాడుకోవడానికి కొన్ని వరసల నంబర్లను 1996లో విడిగా కేటాయించారు. 192.168తో మొదలయ్యేవి వాటిలోనివే. ప్రపంచం మొత్తానికి మిగిలిన చివరి చిరునామాల కట్టలను 2011 ఫిబ్రవరి 3న ఖండాలవారీగా పంచేశారు. అయినా ఇంటర్నెట్ ఆగలేదంటే ఈ సర్దుబాటు వల్లే.

పెద్ద అపార్ట్‌మెంటుకు వీధిలో ఒకే డోర్ నంబరు ఉంటుంది. పార్సిల్ గేటు దగ్గరికి వస్తే ఏ ఫ్లాట్‌వాళ్లు తెప్పించుకున్నారో చూసి వాచ్‌మన్ పైకి పంపుతాడు. ఎవరూ తెప్పించుకోనిది వస్తే వెనక్కి పంపేస్తాడు. రౌటర్ చేస్తున్నది ఇదే. విజయవాడలో మీ ఇంటి పెట్టెకూ డాలస్‌లో మీ అమ్మాయి ఇంటి పెట్టెకూ లోపల 192.168.1.1 అనే ఒకే నంబరు ఉన్నా గొడవ రాదు, ఎందుకంటే ఆ నంబరు గేటు దాటి బయటకు కనిపించదు.

లోపలికి వెళ్లడం

ముందు కావలసింది ఆ లోపలి నంబరు. పెట్టెను తిప్పి చూస్తే అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. స్టిక్కర్ చెరిగిపోయినా భయం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, కలిసి ఉన్న నెట్‌వర్క్ పక్కన పళ్ల చక్రం గుర్తు నొక్కితే ‘గేట్‌వే’ అని చూపిస్తుంది. ఐఫోన్‌లో అదే చోట ‘రౌటర్’ అని ఉంటుంది. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని కొడితే ‘డిఫాల్ట్ గేట్‌వే’ వరసలో వస్తుంది.

ఆ నంబరును బ్రౌజర్ పైన చిరునామా గడిలోనే కొట్టాలి. గూగుల్ వెతుకులాట గడిలో కొడితే ఏవేవో సైట్లు వస్తాయి, వాటిలో నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు కాచుకుని ఉంటాయి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే రౌటర్ బాగు చేస్తామంటూ ఫోన్‌లో ఏదో యాప్ వేయించి ఖాతా ఖాళీ చేసేవాళ్లు తగలొచ్చు. ఒకటి అంకె బదులు ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరం కొట్టడం, ముందు మూడు డబ్ల్యూలు తగిలించడం సాధారణంగా జరిగే పొరపాట్లు. పేజీ ఎంతకీ తెరుచుకోకపోతే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి చూడండి. వైఫైలో నెట్ లేదని గమనిస్తే ఫోన్ మనకు చెప్పకుండా మొబైల్ డేటా దారి పడుతుంది, ఆ దారిలో మీ ఇంటి పెట్టె ఉండదు. ‘ఈ పేజీ సురక్షితం కాదు’ అని బ్రౌజర్ హెచ్చరించవచ్చు. బయటి వెబ్‌సైట్లకు ఉండే ధ్రువపత్రం ఇంటి లోపలి పేజీకి ఉండదు కాబట్టి వచ్చే హెచ్చరిక అది. సొంత వైఫైలో ఉండి, సొంత గేట్‌వే నంబరే కొట్టినప్పుడు ముందుకు వెళ్లవచ్చు.

అప్పుడొస్తుంది లాగిన్ గడి. పాత పెట్టెలకు రెండు గడుల్లోనూ ‘అడ్మిన్’ అన్న మాటే. కొత్తవాటికి పెట్టెకో పాస్‌వర్డ్ చొప్పున స్టిక్కర్ మీద అచ్చు వేస్తున్నారు, ఇది మంచి మార్పు. రెండూ పనిచేయకపోతే కనెక్షన్ పెట్టేటప్పుడు కంపెనీవాళ్లు మార్చారని అర్థం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగండి. “అదంతా మీకెందుకు మేడమ్, ముట్టుకుంటే నెట్ పోతుంది” అంటారు. మొహమాటపడకండి. ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే ఏం చేయాలో చెప్పమని, పేజీలోకి వెళ్లే వివరాలు ఎస్సెమ్మెస్‌లో పంపమని గట్టిగా అడగండి. కొన్ని కంపెనీలు ఇంటివాళ్లకు పరిమితమైన లాగిన్ ఒకటి ఇచ్చి, పూర్తి అధికారాల లాగిన్ తమ దగ్గర ఉంచుకుంటాయి. పరిమితమైనదైనా చాలా పనులకు సరిపోతుంది.

లోపలికి వెళ్లగానే ఏదీ మార్చకముందు ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత ఏది చెడినా తిరిగి పాత దారికి రావడానికి అదే ఆధారం.

అరవై జతల జాబితా

పాస్‌వర్డ్ మార్చకపోతే కొంపలేం మునుగుతాయి అనిపించవచ్చు. 2016లో ‘మిరాయ్’ అనే ప్రోగ్రాం పుట్టింది. దాని చేతిలో ఉన్నది ఫ్యాక్టరీ యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌ల జతలు ఒక అరవై. ఇంటర్నెట్ అంతా తిరుగుతూ దొరికిన ప్రతి రౌటర్, ప్రతి సీసీ కెమెరా మీద ఆ అరవై జతలనూ వేసి చూసేది. తెరుచుకున్నవాటిని తన సైన్యంలో చేర్చుకునేది. దాన్ని తయారు చేసినవాళ్లు ఇరవై ఏళ్ల వయసు అమెరికన్ కుర్రాళ్లు ముగ్గురు. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ సర్వర్ల వ్యాపారంలో పోటీదారులను దెబ్బతీయడం వాళ్ల మొదటి ఉద్దేశం. ప్రోగ్రాంను అందరికీ దొరికేలా బయట పెట్టేశాక అది ఇతరుల చేతుల్లోనూ పడింది. 2016 అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద జరిగిన దాడిలో అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై గంటల తరబడి అందలేదు. నవంబరు చివర్లో దాని పిల్ల ప్రోగ్రాం ఒకటి జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారుల్లో 9 లక్షల మందికి నెట్ లేకుండా చేసింది. తమ ఇంట్లోని పెట్టె ఇలాంటి దాడుల్లో పాల్గొంటోందని ఇంటివాళ్లకు తెలియదు. సాయంత్రాల్లో నెట్ కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

2017 జులై చివర్లో ఈ బెడద మన గడపలోకి వచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల మీద మాల్‌వేర్ దాడి జరిగింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ‘అడ్మిన్’ పాస్‌వర్డ్‌ను మార్చని ఇళ్ల మోడెమ్‌లు దెబ్బతిని నెట్ ఆగిపోయింది. పాస్‌వర్డ్ మార్చుకోండని సంస్థ వినియోగదారులకు విజ్ఞప్తి చేసింది. ఒక్క పదం మార్చిన ఇళ్లు ఆ దాడి నుంచి గట్టెక్కాయి.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది బ్రెజిల్ సంగతి. 2011, 2012ల్లో అక్కడ 45 లక్షల మోడెమ్‌లలోకి దొంగలు చొరబడ్డారని కాస్పర్‌స్కీ పరిశోధకులు వెల్లడించారు. వాళ్లు నెట్ ఆపలేదు, నెమ్మదింపజేయలేదు. లోపల డీఎన్‌ఎస్ అన్న గడిలో ఉన్న నంబరును మార్చారు, అంతే. మనం బ్యాంకు పేరు టైప్ చేసినప్పుడు ఆ పేరుకు తగిన నంబరు ఏదో చెప్పేది డీఎన్‌ఎస్ సర్వర్. ఆ సర్వరే దొంగది అయితే పేరు సరిగ్గా కొట్టినా నకిలీ పేజీ దగ్గరికి తీసుకెళ్తుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉండదు, యాంటీవైరస్‌కు ఏదీ దొరకదు. తప్పంతా గోడ మీది పెట్టెలో ఉంటుంది. కాబట్టి రౌటర్‌లోకి వెళ్లినప్పుడు డీఎన్‌ఎస్ గడి తప్పకుండా చూడండి. ‘ఆటోమేటిక్’ అని ఉంటే కంపెనీవాళ్ల సర్వర్. 8.8.8.8 గూగుల్‌ది, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది. ఇవేవీ కాని, మీకు తెలియని నంబరు ఉంటే కంపెనీని అడగండి. చిన్నపిల్లలున్న ఇళ్లలో 1.1.1.3 పెట్టుకుంటే మాల్‌వేర్ సైట్లనూ పెద్దల సైట్లనూ చాలావరకు అది ఆపేస్తుంది, ఖర్చేమీ లేదు.

ఫోన్ నంబరు మాని చూడండి

ఇడో హూర్విచ్ అనే భద్రతా పరిశోధకుడు టెల్ అవీవ్ వీధుల్లో చవక పరికరం ఒకటి పట్టుకుని తిరిగి 5,000 వైఫై నెట్‌వర్క్‌ల నుంచి నమూనాలు సేకరించాడు. ఇంటికొచ్చి వాటి పాస్‌వర్డ్‌లు ఛేదించడానికి కూర్చుంటే 70 శాతం తెరుచుకున్నాయి. సైబర్‌ఆర్క్ సంస్థ 2021లో ఈ వివరాలు ప్రచురించింది. అన్ని ఇళ్లు అంత సులువుగా లొంగడానికి కారణం ఆ దేశంలో చాలామంది తమ మొబైల్ నంబరునే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టుకోవడం. అక్కడి మొబైల్ నంబర్లన్నీ 05తో మొదలవుతాయి, మిగిలిన ఎనిమిది అంకెలు మారేందుకు 10 కోట్ల అవకాశాలే. మన నంబర్లు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతాయి కాబట్టి మనకు 400 కోట్లు. పెద్ద సంఖ్యే అనిపిస్తుంది గాని, గట్టి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కు కొద్ది గంటల పని. పైగా మీ ఫోన్ నంబరు పాలవాడి దగ్గర, కొరియర్ కుర్రాడి దగ్గర, దుకాణాల బిల్లుల్లో, పెళ్లి శుభలేఖ మీద ఉంది.

గుర్తుండడమే ముఖ్యమైతే ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాసి, చివర ఒక అంకె పెట్టండి. గోంగూర, మెట్లు, బుధవారం, చెంబు లాంటివి. ఈ నాలుగే వద్దు, మీవి మీరు ఎంచుకోండి. అమ్మమ్మకు చెప్పినా గుర్తుంటుంది, యంత్రానికి ఊహించడం కష్టం. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకోటి పెట్టండి. రెండూ ఒకటైతే వైఫై అడిగిన ప్రతి చుట్టానికీ ఇంటి నెట్ పెత్తనం అప్పగించినట్టే.

వైఫై భద్రత గడిలో డబ్ల్యూపీఏ2 గాని, డబ్ల్యూపీఏ3 గాని ఉండాలి. డబ్ల్యూఈపీ అని కనిపిస్తే వెంటనే మార్చండి, దాని లోపాలు 2001లోనే బయటపడ్డాయి. డబ్ల్యూపీఎస్ అన్నది ఆపేయండి. బటన్ నొక్కగానే ఫోన్ కలిసే సదుపాయం కోసం తెచ్చారు గాని, దాని వెనక ఎనిమిది అంకెల పిన్ ఉంది. 2011లో ఒక పరిశోధకుడు దాని గుట్టు విప్పాడు. రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్క ప్రకారం వచ్చేదే. దాంతో పది కోట్ల ప్రయత్నాలు కావలసినచోట 11,000 చాలు. ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అన్నది బయటి ప్రపంచం నుంచి మీ లాగిన్ పేజీని తెరవనిచ్చే సెట్టింగు, దాన్ని కూడా ఆపేయండి. వైఫై పేరు కనిపించకుండా దాచిపెట్టమని కొందరు సలహా ఇస్తారు. దాని వల్ల లాభం లేదు, పేరు వినగలిగే పరికరాలు ఊరికే దొరుకుతాయి. అపార్ట్‌మెంటులో అయితే ఆ పేరులో ఫ్లాట్ నంబరు, ఇంటిపేరు లేకుండా చూసుకోండి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అన్న మాట కనిపిస్తే తప్పించుకోవద్దు. సొంతంగా కొన్న రౌటర్‌కు అప్‌డేట్ మీరే నొక్కాలి. కంపెనీ ఇచ్చిన పెట్టెకైతే వాళ్లే దూరం నుంచి వేస్తారు, ఎందుకంటే దూరం నుంచే పెట్టెలను సరిదిద్దే దారి ఒకటి కంపెనీలు తమ కోసం ఉంచుకుంటాయి. చీటికీ మాటికీ మనిషిని పంపకుండా నెట్ బాగు చేయడానికి అది అవసరమే. మీ వైఫై పేరు, సెట్టింగులు కంపెనీకి కనిపిస్తాయని మాత్రం తెలిసి ఉండాలి.

బీరువా పక్కన సిగ్నల్

“వంద ఎంబీ ప్లాన్ తీసుకున్నాం, పడగ్గదిలో ముప్పై కూడా రావట్లేదు” అన్న ఫిర్యాదు వినని నెట్ ఆఫీసు ఉండదు. చాలాసార్లు తప్పు ప్లాన్‌ది కాదు, పెట్టె ఉన్న చోటుది. కేబుల్ ఇంట్లోకి వచ్చిన మూలలో, టీవీ స్టాండ్ లోపల, షోకేసు వెనక రౌటర్‌ను దూర్చేస్తాం. ఇనుప బీరువా, అద్దం వెనకున్న లోహపు పూత, కాంక్రీటులోని ఊచలు, చేపల తొట్టెలో నీళ్లు అన్నీ సిగ్నల్‌ను మింగేవే. ఇంటి మధ్యలో, మనిషి తల ఎత్తులో, ఎదురుగా అడ్డు లేకుండా పెడితే తేడా ఆ పూటే తెలుస్తుంది. ఫైబర్ పోగును మీరు లాగవద్దు. పెట్టెను అక్కడే ఉంచి, దాని నుంచి హాలు మధ్యకు ల్యాన్ కేబుల్ వేసి రెండో రౌటర్ పెట్టుకోవడం మేలు. మార్కెట్లో చవకగా దొరికే వైఫై బూస్టర్ అదే సిగ్నల్‌ను మళ్లీ గాల్లోనే పంపుతుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంటుంది. తీగకు ఆ ఇబ్బంది లేదు.

రౌటర్ రెండు తరంగాల మీద మాట్లాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ ఇరుకు. మైక్రోవేవ్ ఒవెన్, బ్లూటూత్, చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లు అన్నీ అక్కడే గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది, రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. కాబట్టి టీవీని, పని చేసే ల్యాప్‌టాప్‌ను 5 మీద కలపండి, దూరపు గదికీ సీసీ కెమెరాకూ 2.4 వదిలేయండి. చవక కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు చాలావాటికి 5 అసలు అందదు. అపార్ట్‌మెంటులో 2.4 ఛానల్‌ను 1, 6, 11లలో ఒకదానికి పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే. మీ చుట్టుపక్కల ఏది ఖాళీగా ఉందో చూపించే ఉచిత ఫోన్ యాప్‌లున్నాయి.

ఎవరెవరు కలిసి ఉన్నారు

రౌటర్ పేజీలో నేను అందరినీ చూడమని కోరేది పరికరాల జాబితా. మొదటిసారి చూసినవాళ్లు అదిరిపడతారు. నలుగురున్న ఇంట్లో పదిహేను పేర్లు కనిపిస్తాయి, సగం పేర్లు అర్థం కావు. వెంటనే పక్కింటి కుర్రాడి మీద అనుమానం పోతుంది. ఆగండి. ఆండ్రాయిడ్ 2019 నుంచి, ఐఫోన్ 2020 నుంచి ఫోన్ అసలు గుర్తింపు సంఖ్యను దాచి ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత సంఖ్య చూపిస్తున్నాయి. ఒకే ఫోన్ రెండు పేర్లతో కనిపించవచ్చు. ఇంట్లోని ఫోన్లు, టీవీ ఒక్కొక్కటే ఆపుతూ జాబితాలో ఏది మాయమవుతోందో చూసి పేర్లు రాసుకోండి. అన్నీ తేలాక మిగిలినదే పరాయిది. అప్పుడు వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి, ఎవరినీ నిలదీయనక్కర్లేదు. రాత్రి పదింటికి పిల్లల ఫోన్‌కు నెట్ ఆపే సమయాలు పెట్టుకునే తల్లిదండ్రులు కూడా ఆ ఫోన్‌లో తమ ఇంటి వైఫై వరకు కల్పిత సంఖ్యను ఆపించాలి. లేకపోతే పిల్లలు నెట్‌వర్క్‌ను మరిచిపోయేలా చేసి మళ్లీ కలిస్తే ఆంక్ష ఎగిరిపోవచ్చు.

పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లతో నెట్ పంచుకోవడం మన ఊళ్లలో మామూలే. మంచితనంతో చేసే పని, మానమని చెప్పను. వాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ తయారు చేసి ఇవ్వండి. అందులో ఉన్నవాళ్లకు నెట్ అందుతుంది, మీ కంప్యూటర్లూ కెమెరాలూ కనిపించవు. అయితే బయటి లోకానికి వాళ్లు చేసినదీ మీరు చేసినదీ ఒకే చిరునామా నుంచి వెళ్తుంది. సాన్‌పాడా ఫ్లాట్‌లో జరిగినది గుర్తు పెట్టుకుని, నమ్మకమున్నవాళ్లకే ఇవ్వండి. స్మార్ట్ టీవీ, కెమెరా, వాయిస్ స్పీకర్ లాంటివాటిని కూడా గెస్ట్ నెట్‌వర్క్‌లోనే ఉంచడం మంచిది, వాటికి భద్రతా అప్‌డేట్‌లు వచ్చేది తక్కువ.

కెమెరా మాటొచ్చింది కాబట్టి విదేశాల్లో పిల్లలున్న ఇళ్ల సంగతి చెప్పాలి. గుంటూరులో అమ్మానాన్నల గుమ్మం ముందు కెమెరా పెట్టించి, న్యూజెర్సీ నుంచి చూసుకోవాలనుకుంటాడు కొడుకు. ఇందుకోసం రౌటర్‌లో ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ పెట్టమని ఎవరో చెబుతారు. కొత్త కనెక్షన్లలో అది తరచుగా పనిచేయదు. చిరునామాల కరువు వల్ల చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నాయి. అందుకోసమే 2012లో 100.64తో మొదలయ్యే వరసను కేటాయించారు. రౌటర్ పేజీలో వ్యాన్ చిరునామా (పెట్టెకు కంపెనీ ఇచ్చిన నంబరు) 100.64 నుంచి 100.127 లోపు కనిపిస్తే మీది అలాంటి కనెక్షనే. ఒక విధంగా మంచిదే. పోర్టు తెరిచి కెమెరాను ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబెట్టడమంటే మిరాయ్ లాంటి వాటిని పిలిచి కూర్చోబెట్టడమే. కెమెరా కంపెనీ యాప్ ద్వారానే చూసుకోండి, ఆ యాప్‌కు రెండంచెల లాగిన్ పెట్టుకోండి. పెద్దవాళ్లను వీడియో కాల్‌లో కూర్చోబెట్టి రౌటర్ పేజీ తెరిపించడం కుదిరే పనే. ఓపిగ్గా ఒక ఆదివారం కేటాయిస్తే అరవై దాటిన అమ్మ కూడా నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక నెట్ ఆగిన ప్రతిసారీ పక్కింటివాళ్ల దయ కోసం చూడక్కర్లేదు.

కంపెనీలకు ఒక మాట

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో రౌటర్లు, స్మార్ట్ పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇలాంటి చట్టం 2020 జనవరి 1 నుంచే ఉంది. పాస్‌వర్డ్ మార్చలేదని ఇంటివాళ్లను తప్పుపట్టే ముందు, మార్చాలని వాళ్లకు ఎవరైనా చెప్పారా అని అడగాలి. కనెక్షన్ ఇచ్చిన రోజే లాగిన్ పేజీ చిరునామా, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇంటావిడ చేతికిచ్చి, ఒకసారి తెరిచి చూపించి వెళ్లడానికి లైన్‌మ్యాన్‌కు పది నిమిషాలు పడుతుంది. రోజుకు ఇన్ని కనెక్షన్లు పూర్తి చేయాలన్న ఒత్తిడిలో ఉన్న కుర్రాడు ఆ పది నిమిషాలు తనంతట తాను ఇవ్వలేడు. కంపెనీయే అతని పనివేళల్లో ఆ సమయం చేర్చాలి.

వెనక బటన్

పెట్టె వెనక చిన్న కన్నంలో రీసెట్ బటన్ ఉంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే పిన్నుతో పది సెకన్లు నొక్కమని యూట్యూబ్‌లో ఎవరైనా చెబుతారు. సొంతంగా కొన్న రౌటర్‌కు అది సరైన సలహా. కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టెకు మాత్రం నొక్కవద్దు. కనెక్షన్‌కు సంబంధించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఇతర వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు, అప్పుడు లైన్‌మ్యాన్ వచ్చేదాకా నెట్ ఉండదు. శనివారం రాత్రి నొక్కితే సోమవారం దాకా ఎదురుచూడాలి. ముందు కరెంటు ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి చూడండి. వైఫై పాస్‌వర్డ్ మాత్రమే మరిచిపోతే ఇప్పటికే కలిసి ఉన్న ఫోన్‌లో ‘షేర్’ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, ఇంకో ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే సరిపోతుంది.

నకిలీ బ్యాంకు పేజీలో వివరాలిచ్చి డబ్బు పోగొట్టుకున్నామని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. రౌటర్ సంగతి ఆ తర్వాత.

రీసెట్ నొక్కి తీరవలసిన సందర్భం ఒకటుంది. ఇల్లు మారుతూ పెట్టెను కంపెనీకి తిరిగి ఇచ్చేటప్పుడు, పాత రౌటర్‌ను ఎవరికైనా ఇచ్చేటప్పుడు, దాన్ని కరెంటుకు కలిపి, లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగేదాకా ఆ బటన్‌ను నొక్కి పట్టుకోండి. మీ వైఫై పేరు, రెండు పాస్‌వర్డ్‌లూ అందులోంచి పోతాయి. అద్దె ఇంటి యజమాని నెట్ వాడుకుని ఖాళీ చేస్తుంటే, వైఫై పాస్‌వర్డ్ మార్చుకొమ్మని ఆయనకు చెప్పి వెళ్లండి. కొత్తింట్లో గోడ మీద పాత పెట్టె కనిపిస్తే, ఇంతకుముందున్నవాళ్ల దగ్గర దాని పాస్‌వర్డ్‌లు ఉన్నాయన్న లెక్కతోనే దాన్ని వాడడం మొదలుపెట్టండి.